‘పిచ్చి’ పోయి ‘సైకో’ వచ్చింది: పేపర్లు మారినట్టా, మారనట్టా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మానసిక జబ్బుల గురించి పేపర్లు రాసే తీరు మారిందని మా స్నేహితుడి వాదన. నాకైతే మారింది ఆదివారం అనుబంధమే అనిపిస్తుంది. అక్కడ డాక్టరు గారు డిప్రెషన్ గురించి ఎంతో నెమ్మదిగా, ఓపికగా చెబుతారు. అదే పేపరు జిల్లా పేజీ తిప్పితే ‘సైకో వీరంగం’, ‘మతిస్థిమితం లేని మహిళ హల్‌చల్’. మా చిన్నప్పటి ‘పిచ్చివాడు’ మాటే నయం, అందులో కాస్త జాలైనా ఉండేది. సైకో అంటే జనానికి హంతకుడే.

కోట జంక్షన్ (విజయనగరం):
మారలేదంటే ఒప్పుకోను. 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోతే, పేపర్లలో వచ్చిన వార్తలు చూసే సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. విశాఖ చినవాల్తేరు ఆసుపత్రిని మన ఊళ్లలో ఇప్పటికీ ‘పిచ్చాసుపత్రి’ అంటారు, పేపర్లో మాత్రం ‘మానసిక వైద్యశాల’ అనే రాస్తున్నారు. కొన్ని పేపర్లు మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలిమానస్ 14416 నంబరు కూడా వేస్తున్నాయి. ఇక్కడ వెనకబడింది జనమా, పేపరా?

పాత డెస్కు:
ఇరవై ఏళ్లు సబ్‌ఎడిటర్‌గా చేశాను. ‘కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య’ వార్తలు ఎన్ని దిద్దానో లెక్కలేదు. అది మేం అల్లిన మాట కాదు. ఇంటివాళ్లు చెప్పేది అదే, పోలీసుల నోట్‌లో వచ్చేదీ అదే. బతికి బయటపడితే ఐపీసీ 309 కింద ఆత్మహత్యాయత్నం కేసన్న భయం ఒకటి, ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలున్నారన్న భయం ఒకటి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అంది. అది అమల్లోకి వచ్చింది 2018 మే 29న. అంతవరకూ ఆ కడుపునొప్పే చాలా ఇళ్లని కాపాడింది.

నాగావళి గట్టు:
కాపాడింది పరువునే కదా మాస్టారూ. అందరిదీ కడుపునొప్పే అయితే, అసలు జబ్బుకి మందుందని ఎవరికి తెలుస్తుంది?

వంశధార:
నేను చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మా చిన్నాన్నకి మనసు బాగోదు. ఒక పేపరు ఆయన గురించి ఊరు, ఇంటిపేరుతో సహా వేసింది. ‘పిచ్చి’ అనలేదు, ‘సైకో’ అనలేదు, మాటల్లో వంక పెట్టడానికి లేదు. కానీ జిల్లా పేజీ చదివేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కదండీ. చెల్లికి కుదిరిన సంబంధం వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. అదే చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నవారి ఫొటో, వివరాలు వాళ్ల అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదట. చిన్నాన్న ఏ ఆసుపత్రిలోనూ లేడు కాబట్టి మాకది వర్తించదన్నాడు తెలిసిన ప్లీడరు.

కోట జంక్షన్:
ఇది నాకు తట్టలేదు. నేను మాటల దగ్గరే ఆగిపోయాను.

పాత డెస్కు:
బాధగానే ఉందమ్మా. కానీ పేపర్లో పడిన ఫొటోలు చూసే తప్పిపోయినవాళ్లు ఎంతోమంది ఇళ్లకి చేరారు. అదీ చూడాలి.

వంశధార:
నిజమేనండీ. మా చిన్నాన్న దొరికిందీ అలాగే. బస్టాండులో తీసిన ఫొటో పేపర్లో పడింది, నాన్న వెళ్లి తీసుకొచ్చారు. అందుకే ఆ పేపరుని నోరారా తిట్టలేను. కానీ ఊరూ ఇంటిపేరూ వేసింది ఆ రోజు కాదు. మర్నాడు, ‘కుటుంబం చెంతకు మతిస్థిమితం లేని వ్యక్తి’ అని. అప్పటికి ఆయన మా వంటింట్లో కూర్చుని గంజి తాగుతున్నాడు.