కొడుకు జీతం నా జీతం కంటే ఎక్కువ: అయినా నెలనెలా నేనే డబ్బు పంపాలా?

పేట గుమస్తా (చర్చ ప్రారంభించినవారు):

మా అబ్బాయి ఈ ఏడాది బీటెక్ పూర్తిచేసి, హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఏడాదికి 3.6 లక్షల ప్యాకేజీ మీద చేరి మూడు నెలలైంది. నేను చిలకలూరిపేటలో ఒక ఎరువుల దుకాణంలో గుమస్తాను. నా జీతం 18,000. వాడి చదువుకు బ్యాంకులో తీసుకున్న 3 లక్షల అప్పుకు వచ్చే ఏడాది నుంచి వాయిదాలు కట్టాలి. ప్యాకేజీని పన్నెండుతో భాగించి, నెలకు 30,000 వస్తుందని, అందులో మూడో వంతైనా ఇంటికి చేరుతుందని నేను వేసుకున్న లెక్క పూర్తిగా తలకిందులై, ఈ మూడు నెలలుగా నేనే వాడికి 5,000 చొప్పున పంపుతున్నాను. కొండాపూర్‌లో ముగ్గురుండే హాస్టల్ గదికి 9,000 కడుతున్నానని, మిగతాది రాకపోకలకు, ఫోనుకు, బట్టలకు పోతోందని వాడు చెబుతున్నాడు. పిల్లవాడు పస్తులుండకూడదని మా ఇంటావిడ అంటుంది. సంపాదించే కొడుక్కి డబ్బు పంపే తండ్రిని నిన్నొక్కడినే చూశానని మా బావగారు నలుగురిలో అన్నారు. ఆ మాట గుచ్చుకున్నందువల్లే ఇక్కడ అడుగుతున్నాను: పంపడం కొనసాగించాలా, ఆపాలా?

ఎస్సార్ నగర్ పాతకాపు:

ఆపండి. కటువుగా అనిపించినా నా సమాధానం ఇదే. నేను 2008లో ఈ నగరానికి వచ్చినప్పుడు ఎస్సార్ నగర్‌లో ఒక మేడ మీది గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. రెండు పరుపులు, మూడు చాపలు, ఒక కుక్కరు మా ఆస్తి. అన్నం గదిలో వండుకొని, కర్రీ పాయింట్ నుంచి రెండు కూరలు తెచ్చి ఐదుగురం పంచుకునేవాళ్లం. అప్పుడు నా జీతం 12,000. అందులోంచే ఇంటికి 3,000 పంపాను. ఇప్పటి పిల్లలకు ఆఫీసుకు నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో గది, ఆ గదిలో ఏసీ, శనివారం వస్తే బయట భోజనం కావాలి. ఆదాయానికి సరిపడే బతుకును వెతుక్కోవడం కూడా ఉద్యోగంలో నేర్చుకోవలసిన పనుల్లో ఒకటి. ఇంటి నుంచి డబ్బు వస్తున్నంత కాలం మీ అబ్బాయి ఆ పని నేర్చుకోడు.

జీతాల పట్టిక:

గుమస్తా గారూ, మీ అబ్బాయి ఖర్చుల్లో తప్పులు వెతికే ముందు ఆ 30,000 అనే అంకెను కొట్టివేయండి, ఎందుకంటే ఆ మొత్తం ఏ నెలా అతని ఖాతాలో పడి ఉండదు. జీతాల పట్టికలు తయారుచేయడమే నా ఉద్యోగం కనుక వివరంగా రాస్తున్నాను. ప్యాకేజీ అంటే ఉద్యోగి మీద సంస్థకయ్యే మొత్తం ఖర్చు. మూల వేతనం 15,000 అనుకుందాం. అందులో 12 శాతం, అంటే 1,800, సంస్థ తన వాటాగా భవిష్య నిధికి (పీఎఫ్) కడుతుంది. ఆ సొమ్మును కూడా ప్యాకేజీలోనే చూపిస్తుంది. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ పేరుతో మూల వేతనంలో 4.81 శాతం, అంటే మరో 721, పక్కన పెడుతుంది. రెగ్యులర్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితే గాని అది దక్కదు. పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ పే నెలకు 2,000, ఆరోగ్య బీమా 500 అనుకుంటే, మిగిలేది దాదాపు 25,000. అందులోంచి మళ్లీ ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, తెలంగాణలో వృత్తి పన్ను 200 పోగా చేతికి వచ్చేది 23,000. ఈ స్థాయి జీతానికి ఆదాయపు పన్ను లేకపోవడం ఒక్కటే ఊరట.

ఎవరూ మాట్లాడని విషయం మరొకటి ఉంది. చాలా సంస్థల్లో నెల మధ్యలోనో, 20వ తేదీకో ఆ నెల పట్టికను మూసేస్తారు. 22న చేరిన కుర్రవాడి పేరు ఆ నెల పట్టికలో ఉండదు. అతని మొదటి జీతం మరుసటి నెలాఖరుకు వస్తుంది. అంటే దాదాపు 40 రోజులపాటు హాస్టల్ అడ్వాన్సు, రెండు నెలల అద్దె, ఆఫీసు బట్టలు, చార్జీలు అన్నీ చేతి నుంచే పెట్టుకోవాలి. ఆ దశలో స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదులు మూడు నాలుగు నెలలు వెంటాడుతుంది. మీ అబ్బాయి ఏ తేదీన చేరాడో ఒకసారి అడగండి.

పాతకాపు గారికి ఒక మాట. నేను 2011లో ఈ రంగంలో చేరినప్పుడు నా ఆఫర్ లెటర్‌లో ఉన్నది 3.2 లక్షలు. ఇన్నేళ్ల తరువాత గుమస్తా గారి అబ్బాయికి ఇస్తున్నది 3.6 లక్షలు. మీ కర్రీ పాయింట్‌లో కూర ధర కూడా ఇంతే పెరిగిందా?

ఒంగోలు అమ్మాయి:

దూరంగా, చవకగా ఉండమని సలహా ఇచ్చేవారు ఒక వారం అలా ఉండి చూడాలని నా కోరిక. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగు నెలలు దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. అద్దె లేదు, రాత్రి భోజనం పిన్ని పెట్టేది. మెట్రోలో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ మెట్లెక్కి రైలు మారి, రాయదుర్గంలో దిగితే ఆ లైను అక్కడితో ఆగిపోతుంది. మా ఆఫీసున్న నానక్‌రామ్‌గూడ వైపు మెట్రో లేదు కనుక అక్కడి నుంచి షేర్ ఆటో. 2025 మే నెలలో మెట్రో చార్జీలు పెరిగాక రాను పోను రోజుకు 130 దాకా, ఆటోకు 60 అయ్యేవి. 22 పనిదినాలకు 4,000 దాటేది. బస్సు ఉచితం కదా అని చాలామంది అంటారు. నా ఆధార్ కార్డులో చిరునామా ఒంగోలుది కనుక తెలంగాణలో నాకు జీరో టికెట్ ఇవ్వరు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధించింది సమయం. ఉదయం ఏడింటికి బయలుదేరితే రాత్రి తొమ్మిదిన్నరకు పిన్ని ఇంటి గేటు తీసేదాన్ని. ఇంతకంటే మెరుగైన ఉద్యోగం కావాలంటే చదువుకోవాలి, పరీక్ష రాయాలి. ఆ నాలుగు నెలల్లో నేను పుస్తకం తెరిచింది ఆదివారాల్లోనే, అదీ నిద్ర ఆపుకుంటూ. ఇప్పుడు ఆఫీసుకు దగ్గరలో 9,500 కట్టి ఉంటున్నాను. పిన్ని ఇంట్లో ఉన్నప్పటి కంటే చేతిలో తక్కువే మిగులుతోంది, కాని రోజుకు మూడు గంటలు తిరిగి వచ్చాయి. దీన్ని విలాసం అంటే నేను ఒప్పుకోను.

మరొక సంగతి: ఐదుగురు మగపిల్లలు మేడ మీది గదిలో చాపలు పరుచుకొని పడుకోవడం నగర జీవితంలో మామూలే. అదే ఐదుగురు ఆడపిల్లలు వెళ్లి అడిగితే గది ఇచ్చేవారు ఎంతమంది ఉన్నారో పాతకాపు గారు చెప్పాలి. మాకున్నది హాస్టల్ ఒక్కటే. ఆ హాస్టల్‌కు రాత్రి పదింటికి తాళం. (నేను ఇంటికి నెలకు 3,000 పంపుతున్నాను. నాకంటే రెండేళ్లు ముందు ఉద్యోగంలో చేరిన మా అన్నయ్యను ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. అది వేరే చర్చ.)

అరవై రెండు మంచాలు:

మాదాపూర్‌లో మగపిల్లల హాస్టల్ నడుపుతున్నాను కనుక 9,000 ఎక్కడికి పోతుందో నేను చెప్పగలను. మా భవనం నాది కాదు, నెలకు 2.6 లక్షల అద్దె కడుతున్నాను. 62 మంచాలూ నిండితే ఒక్కో మంచం మీద పడే అద్దె 4,200. సెలవులు వచ్చి, బ్యాచ్‌లు మారి 50 మందే ఉన్న నెలలో అదే 5,200 అవుతుంది. మూడు పూటల తిండికి మనిషికి 2,500 తగ్గదు. దాని మీద వంట మాస్టరు, ఇద్దరు సహాయకులు, కరెంటు, ఎండాకాలంలో రోజు విడిచి రోజు వచ్చే నీళ్ల ట్యాంకరు. మేము దోచుకుంటున్నామనేవారు 2020లో పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయి మంచాలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు ఎవరి నుంచి దోచుకున్నామో చెప్పాలి.

అయితే ఒక నిజం ఒప్పుకుంటాను. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా మా గేటు దగ్గర డెలివరీ కుర్రాళ్లు వరుసగా నిలబడతారు. పైన వంటగదిలో నేను డబ్బు పెట్టి వండించిన అన్నం గిన్నెలో మిగిలి ఉంటుంది. కింద అదే పిల్లలు 250 పెట్టి బిర్యానీ అందుకుంటారు. తిండి ఖర్చు అద్దెలోనే కట్టి, మళ్లీ బయట కట్టడం వల్ల నెలకు రెండు మూడు వేలు పోయినవారిని చూశాను. గురువారం మా దోసకాయ పప్పు ఉంటుంది, ఆ రోజు మాత్రం పిల్లల తప్పు లేదు.

కొత్తగా చేరేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఖాళీ చేసే ముందు నెల రోజుల నోటీసు ఇవ్వకపోతే అడ్వాన్సు తిరిగి రాదు. చేరే రోజే అది రాయించుకోండి. నెలకు 20,000 లోపు అద్దె ఉండి, కనీసం 90 రోజులు ఏకధాటిగా ఉండేవారికి హాస్టల్ అద్దె మీద జీఎస్టీ లేదు. 2024 జూలై నుంచి ఇది అమల్లో ఉంది. ఆ పేరుతో ఎవరైనా అదనంగా అడిగితే ఇవ్వనవసరం లేదు.

మారతహళ్లి తెలుగువాడు:

హైదరాబాదులో హాస్టల్ అడ్వాన్సుకే కష్టమంటున్నారు. బెంగళూరులో ఇల్లు కావాలంటే పది నెలల అద్దె డిపాజిట్ అడగడం ఏళ్లుగా ఉన్న ఆనవాయితీ. ఇప్పుడు కొందరు ఐదారు నెలలకు ఒప్పుకుంటున్నారు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలలకు మించి డిపాజిట్ వద్దంటుంది. కాని అది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకోవాలి. మెట్రో గరిష్ఠ చార్జీ ఇక్కడ 2025 ఫిబ్రవరిలో 60 నుంచి 90కి పెరిగింది. ఇదే ప్యాకేజీతో ఇక్కడ చేరిన మా తమ్ముడికి నేను ఎనిమిది నెలలు డబ్బిచ్చాను, సిగ్గుపడలేదు.

ఎస్సార్ నగర్ పాతకాపు:

ఒంగోలు అమ్మాయి గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను. ఆడపిల్లలకు మేము బతికినట్టు బతికే వీలు లేదన్న సంగతి నా లెక్కలో లేదు. కూర ధర గురించి అడిగినవారికి కూడా నా దగ్గర జవాబు లేదు. మా ఐదుగురి గది మొత్తం అద్దె అప్పట్లో 4,500. ఇప్పుడు అదే వీధిలో ఒక్క మంచానికి అంతకంటే ఎక్కువ అడుగుతున్నారని నిన్న సాయంత్రం అటు వెళ్లినప్పుడు విచారించి తెలుసుకున్నాను.

అయినా నెలనెలా పంపవద్దన్న నా మాటను వెనక్కి తీసుకోను; కారణం మాత్రం మార్చుకుంటున్నాను. 23,000 జీతానికి మీ 5,000 కలిసినంత కాలం ఆ జీతం సరిపోతున్నట్టే కనబడుతుంది. మీ అబ్బాయి జీతం పెంచమని గట్టిగా అడగడు, వేరే ఉద్యోగం కోసం తొందరపడడు. 18,000 తెచ్చుకునే గుమస్తా, వేలమంది పనిచేసే సంస్థకు నెలనెలా రాయితీ ఇస్తున్నట్టు లెక్క. జీతాలు ఇన్నేళ్లు కదలకుండా ఉండడానికి మనలాంటి తండ్రులు, అన్నలు కూడా కొంత కారణమేమో ఆలోచించండి.

జీతాల పట్టిక:

ఈ వాదనలో బలం ఉంది, కాని ఆ భారాన్ని ఇరవై రెండేళ్ల కుర్రవాడి కడుపు మీద వేయడం న్యాయం కాదు. శిక్షణ ముగిసేలోగా మానేస్తే డబ్బు కట్టాలని బాండు రాయించుకునే చోట అతను తొందరపడి ఎక్కడికి వెళ్తాడు? నెలనెలా పంపడం, అసలు పంపకపోవడం అనే రెండింటి మధ్యే చర్చ తిరుగుతోంది. మొదటి 40 రోజుల గుంటను ఒకేసారి పూడ్చి, ఆ తరువాత చేతులు దులుపుకోవడం మూడో దారి.

పేట గుమస్తా:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వాడికి ఫోన్ చేసి పే స్లిప్పు చదివించుకున్నాను. చేతికి వస్తున్నది 22,940. చేరింది 24వ తేదీన. మొదటి జీతం వచ్చేలోపు ఇద్దరు స్నేహితుల దగ్గర 14,000 తీసుకున్నానని, ఆ సంగతి చెబితే అమ్మ బాధపడుతుందని దాచానని అప్పుడు బయటపెట్టాడు. నేను పంపిన 15,000 దాదాపుగా ఆ అప్పులకే పోయింది.

రాయితీ అన్న మాట నాకు బాగా అర్థమైంది. 45 కిలోల యూరియా బస్తాను ప్రభుత్వ రాయితీ పోగా 266 రూపాయల 50 పైసలకు అమ్ముతూ, దాని అసలు ధర ఎంతో తెలిసిన వృత్తి నాది. అయితే మా దుకాణంలో మరొక పద్ధతి కూడా ఉంది. రైతు జూన్‌లో ఎరువు అరువుకు తీసుకువెళ్లి, మిర్చి అమ్మాక వచ్చి ఖాతా చెల్లు చేస్తాడు. విత్తే ముందే పంట సొమ్ము తెమ్మని ఏ రైతునూ మేము అడగం.

అందువల్ల నెలకు 5,000 పంపడం ఆపేస్తున్నాను. మా వాడు, ఆఫీసులోని మరో ఇద్దరు కలిసి లింగంపల్లిలో 13,500 అద్దెకు రెండు గదుల ఇల్లు చూశారు. మనిషికి 4,500, రెండు నెలల అడ్వాన్సులో వాడి వంతు 9,000. చిరునామా రుజువు లేకపోయినా దొరికే 5 కిలోల చిన్న సిలిండరు, కుక్కరు, పరుపు కొనాలి. బస్సు మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,600. వీటన్నిటికీ కలిపి ఒకేసారి 20,000 ఇస్తున్నాను. వండుకొని తింటే నెలకు ఐదారు వేలు మిగలాలి. బ్యాంకు అప్పుకు 10.5 శాతం వడ్డీ మీద ఏడేళ్లకు లెక్కిస్తే నెలసరి వాయిదా సుమారు 5,060 అవుతుంది కనుక, ఆ మిగులు అక్కడికే పోతుందని వాడికి ముందే చెప్పాను. దూరం వల్ల చదువు దెబ్బతింటుందన్న ఒంగోలు అమ్మాయి గారి మాట మనసులో ఉంది. లింగంపల్లి దిల్‌సుఖ్‌నగర్ అంత దూరం కాదని వాడు అంటున్నాడు.

20,000ను ఇంట్లో ఒక పాత ఖాతా పుస్తకంలో వాడి పేరు మీద రాశాను. కన్నకొడుకు పేరున ఖాతా తెరిచానని మా ఇంటావిడ ఉదయం నుంచి నాతో మాట్లాడడం లేదు. ఆ ఇంటి యజమాని పెళ్లికానివారికి ఇవ్వడానికి ఒప్పుకున్నారు గాని, ఒప్పందం పదకొండు నెలలకే రాస్తామంటున్నారు. కరెంటు మీటరు ఆ వాటాకు విడిగా ఉందో, కింది వాటాతో కలిపి ఉందో మా వాడు చూడలేదట. ఆదివారం ఉదయం బస్సుకు నేనే వెళ్లి చూసి వస్తాను.