ముఖ్యమైన రైడర్ గాయపడితే స్పీడ్‌వే టీమ్ సీజన్ ఏమవుతుంది?

బెజవాడ_నాన్న:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. ఐదేళ్ళుగా ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక ఊళ్ళో ఉంటున్నాం. మా అబ్బాయికి 11 ఏళ్ళు. రెండేళ్ళ కిందట స్కూల్ స్నేహితుడి వెంట స్పీడ్‌వే చూడటానికి వెళ్ళాడు. అప్పటి నుంచి వేసవి వస్తే మా సోమవారం సాయంత్రాలన్నీ ట్రాక్ దగ్గరే.

ఈ ఆట చూడనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. 500 సీసీ బైకులు, ఒకటే గేరు, బ్రేకులు ఉండవు, మిథనాల్‌తో నడుస్తాయి. ఒక్కో హీట్‌లో, అంటే రేసులో, నలుగురు, టీమ్‌కి ఇద్దరు చొప్పున. మట్టి ట్రాక్ మీద ఎడమవైపే తిరుగుతూ నాలుగు ల్యాపులు. నిమిషంలో అయిపోతుంది. మొదట వచ్చినవాడికి 3 పాయింట్లు, తర్వాతివాళ్ళకు 2, 1, చివరివాడికి సున్నా. మ్యాచ్‌కి ఇలాంటి హీట్లు 15.

ఈ మేలో మా నంబర్ వన్ రైడర్ మొదటి హీట్, మొదటి మలుపులోనే పడ్డాడు. కాలర్‌బోన్ విరిగింది. తర్వాతి మ్యాచ్‌కి వేరే టీమ్ రైడర్ ఒకతను మా రేస్ జాకెట్ వేసుకుని వచ్చాడు. పది రోజుల ముందు మా మీదే 11 పాయింట్లు కొట్టి వెళ్ళినవాడు! మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని "నాన్నా, ఇవాళ ఇతను మనవాడేనా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ పై వారం అలా అరువు వచ్చే 'గెస్ట్' కూడా రాలేదు. ఆరుగురే ఆడారు. 12 పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

2023 ఐపీఎల్‌లో పంత్ లేకపోయినా ఢిల్లీ వాళ్ళు పక్క టీమ్ నుంచి ఒక రాత్రికి కీపర్‌ని అరువు తెచ్చుకోలేదు కదా. ఇక్కడ ఇదెలా ఒప్పుకుంటున్నారు? ఒక్క మనిషి పడితే ఏడుగురి టీమ్ ఇంతలా ఎందుకు కుంగిపోతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెస్టర్_బాబాయ్:

అన్నా, గెస్ట్ గురించి నాకు తెలిసింది చెబుతాను. ప్రతి రైడర్‌కీ ఒక యావరేజ్ ఉంటుంది. తెచ్చుకున్న పాయింట్లకు బోనస్ పాయింట్లు (తన టీమ్‌వాడి వెనకే వచ్చినందుకు ఇచ్చేవి) కలిపి, ఎన్ని రేసులు తిరిగాడో దానితో భాగించి, నాలుగుతో హెచ్చించాలి. 20 రేసుల్లో 42 పాయింట్లు, 3 బోనస్‌లు ఉంటే 45ని 20తో భాగించి 4తో హెచ్చిస్తే 9. మీవాడి యావరేజ్ 9 అయితే, వచ్చే గెస్ట్‌ది సాధారణంగా అంతకు మించకూడదు. గాయాన్ని అడ్డం పెట్టుకుని ఎవరూ లాభపడకూడదని ఆ రూల్.

ఐపీఎల్‌తో పోల్చకండి. అక్కడ టీమ్‌లో పాతికమంది దాకా ఉంటారు, బెంచి నిండా ఆటగాళ్ళే. ఇక్కడ ఏడుగురంటే ఏడుగురే. పైగా చాలామంది రెండు మూడు దేశాల్లో ఆడుతుంటారు. ఇంగ్లండ్‌లో సోమ, గురువారాలు, స్వీడన్‌లో మంగళవారం, పోలండ్‌లో శుక్ర, ఆదివారాలు. ఖాళీగా ఉన్న మంచి రైడర్ ఎక్కడా దొరకడు. గెస్ట్‌లు లేకపోతే జూన్‌కల్లా సగం మ్యాచ్‌లు ఆడటానికి మనుషులుండరు. నాకూ మొదట్లో మీ అబ్బాయిలాగే మనసు ఒప్పుకోలేదు. ఇప్పుడు మాత్రం స్టార్ట్ దగ్గర ఖాళీ చోటు చూడటం కన్నా అరువు రైడర్‌ని చూడటమే నయం అనిపిస్తుంది.

గుంటూరు_ఫిజియో:

నేను 12 ఏళ్ళుగా ఇంగ్లండ్‌లో ఫిజియోథెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. మోటార్‌సైకిల్ రేసుల్లో దెబ్బలు తగిలినవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు, వాళ్ళలో కొందరు స్పీడ్‌వే వాళ్ళు. పేర్లు, క్లబ్బులు చెప్పను. మీరు అడిగిన రెండో ప్రశ్న గురించి మాట్లాడతాను, ఎందుకంటే నాకు కడుపు తరుక్కుపోయేది దాని దగ్గరే.

మీరు ఆరుగురితో ఆడిన మ్యాచ్ తీసుకోండి. దాన్ని రైడర్ రీప్లేస్‌మెంట్ అంటారు. లేనివాడి నాలుగు రేసులను మిగతావాళ్ళు సాధారణంగా తలా ఒకటి చొప్పున పంచుకుంటారు. మీ నంబర్ వన్ ఆ నాలుగు రేసుల్లో 9 పాయింట్లు తెచ్చేవాడు అనుకుందాం. మిగతావాళ్ళు తలా ఒకటిన్నర తెచ్చినా 6 అవుతాయి. పోయింది మూడే కదా అనిపిస్తుంది. కానీ హీట్‌లో ఉండేవి ఆరు పాయింట్లే. మీ చేతిలోంచి జారినవి అవతలివాళ్ళ ఖాతాలో పడతాయి. 46-44తో గెలవాల్సిన మ్యాచ్ 43-47 అవుతుంది.

ఆ లెక్కలో కనిపించనిది ఇంకోటి ఉంది. 13వ హీట్‌లో రెండు టీమ్‌ల పెద్ద రైడర్లు ఎదురుపడతారు. 15వ హీట్‌కి మేనేజర్ తనకు నచ్చిన ఇద్దరిని పంపుతాడు. నంబర్ వన్ లేనప్పుడు రెండో స్థాయి రైడర్ ఆ రేసుల్లోకి వెళ్ళాలి. నిన్నటిదాకా తన స్థాయివాళ్ళతో పోటీపడి గెలిచిన మనిషి ఇవాళ వరసగా ప్రపంచ స్థాయి వాళ్ళ వెనక మట్టి తింటాడు. నెల తిరిగేసరికి అతని యావరేజ్ పడిపోతుంది, దాంతో నమ్మకమూ పడిపోతుంది. "అతను ఫామ్‌లో లేడు" అని స్టాండ్‌లో అనేస్తారు. అతను మారలేదు, అతని ఎదురుగా నిలబడేవాళ్ళు మారారు.

అన్నిటికన్నా ఎక్కువ బరువు పడేది రిజర్వ్ కుర్రాళ్ళ మీద, అంటే ఏడుగురిలో చివరి ఇద్దరి మీద. మూడు నాలుగు రేసులు తిరిగేవాడు ఒక్కోసారి ఆరో ఏడో తిరగాలి. రేసు నిమిషమే కదా అనుకోకండి. బ్రేకుల్లేని బైక్‌ని జారుతున్న వెనక చక్రం మీద నిలబెట్టేది ముంజేతులే. ఐదో రేసుకి కుడి ముంజెయ్యి రాయిలా బిగుసుకుపోతుంది, థ్రాటిల్ ఎంత తిప్పుతున్నాడో వేళ్ళకు తెలియదు. అదే సమయానికి ట్రాక్ కూడా గుంతలు పడి ఉంటుంది. రెండో మనిషి పడేది సరిగ్గా అప్పుడే. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఇద్దరు ఇలా పడ్డవాళ్ళే. టీమ్‌మేట్ బదులు అదనంగా తిరుగుతూ, ఆ రాత్రి చివరి హీట్లలో పడ్డారు. ఆరుగురితో మొదలైన మ్యాచ్ ఐదుగురితో ముగుస్తుంది. ఒక్క గాయం సీజన్‌ని ముంచదు, అది తెచ్చిపెట్టే రెండో గాయం ముంచుతుంది.

ఇక ఎముకల సంగతి. కాలర్‌బోన్ మామూలుగా అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. రైడర్లు ఆపరేషన్ చేయించుకుని ప్లేట్ వేయించుకుంటారు, కొందరు మూడు వారాలకే బైక్ ఎక్కేస్తారు. అందుకే నాకు కాలర్‌బోన్ అంటే పెద్ద టెన్షన్ ఉండదు. భయమంతా మణికట్టులో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకంటేనే. దానికి రక్తం అందడమే తక్కువ, అందుకే అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి అతకనే అతకదు. మొదటి ఎక్స్-రేలో కనబడకపోవచ్చు కూడా.

ఒక అబ్బాయి వచ్చాడు, 22 ఏళ్ళు ఉంటాయేమో. పడి పది రోజులైంది, "ఒట్టి బెణుకే" అన్నాడు. బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నా వేలు పెట్టి కొద్దిగా నొక్కాను. నోరు విప్పలేదు కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్కాన్ తీయించుకోమని, అప్పటిదాకా బైక్ ఎక్కొద్దని చెప్పాను. "గురువారం మ్యాచ్ ఉంది, ఇప్పటికే ఇద్దరు లేరు" అన్నాడు. వెళ్ళి ఆడాడు. రెండు నెలల తర్వాత మణికట్టులో స్క్రూతో వచ్చాడు. ఆ సీజన్ అతనికి అక్కడితో అయిపోయింది, వాళ్ళ టీమ్‌కీ దాదాపు అంతే. అప్పుడే ఆగి ఉంటే ఆగస్టుకి ట్రాక్ మీద ఉండేవాడేమో.

అతన్ని తప్పుపట్టలేను. వీళ్ళకు నెల జీతాలు ఉండవు. తెచ్చిన పాయింట్ల మీదే సంపాదన. బైకులు, ఇంజన్లు, మెకానిక్ ఖర్చులు సొంతం. ఆడని వారం చేతికి రూపాయి రాదు. గాయపడ్డవాళ్ళను ఆదుకోవడానికి ఇక్కడ రైడర్ల సహాయనిధి ఒకటి ఉంది, మ్యాచ్‌ల దగ్గర డబ్బా పట్టుకుని తిరుగుతారు. మీరు కనబడినప్పుడు ఒక నోటు వేయండి.

వ్రొత్స్వాఫ్_తెలుగు:

ఫిజియో అక్కా, రెండో గాయం గురించి మీరు చెప్పింది చదివాక నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఒక్కోసారి లీగ్ మొదలవకముందే సీజన్ తలకిందులవుతుంది.

నేను పోలండ్‌లో వ్రొత్స్వాఫ్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంగ్లండ్ రైడర్ టై వాఫిండెన్ మా ఊరి టీమ్ స్పార్టాకి 2012 నుంచి 2024 దాకా ఆడాడు. 2013, 2015, 2018లో ప్రపంచ ఛాంపియన్. ఇక్కడి జనానికి అతను బయటి దేశంవాడు కాదు, ఇంటి మనిషి. 2025కి రెండో డివిజన్‌లో ఉన్న జెషుఫ్ టీమ్‌కి మారాడు. పైకి వెళ్ళాలన్న వాళ్ళ ఆశల్లో అతనిది పెద్ద చోటు. మార్చి 30న క్రోస్నోలో ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో పడ్డాడు. తొడ ఎముక, మోచెయ్యి, పక్కటెముకలు, వీపు, ఊపిరితిత్తి... డాక్టర్లు మత్తులో ఉంచాల్సి వచ్చింది. పాయింట్లు కూడా లేని మ్యాచ్ అది. ఆ టీమ్ లీగ్‌లో ఒక్క హీట్ ఆడకముందే నంబర్ వన్‌ని పోగొట్టుకుంది. ఆ వారం మా ఆఫీసులో పోలిష్ వాళ్ళెవరూ పాయింట్ల గురించి మాట్లాడలేదు. "స్పృహ వచ్చిందా?" అని ఒకర్నొకరు అడిగేవాళ్ళు.

ఇక్కడ ఇంగ్లండ్‌లోలా మ్యాచ్ మ్యాచ్‌కీ గెస్ట్‌ని తెచ్చుకునే అలవాటు లేదు. లేనివాడి రేసులు టీమ్‌లోవాళ్ళే పంచుకుంటారు. పైగా ప్రతి టీమ్‌లో 21 ఏళ్ళ లోపు పోలిష్ కుర్రాళ్ళు ఇద్దరు ఉండాలి, రెండో హీట్ వాళ్ళదే. అందుకే మంచి జూనియర్ గాయపడితే పెద్ద రైడర్ గాయపడ్డంత దెబ్బ. అతని చోట ఇంకో జూనియరే రావాలి, 16, 17 ఏళ్ళవాడు, ఒక్కోసారి అదే మొదటి పెద్ద మ్యాచ్.

డార్సీ వార్డ్ పేరు చెప్పకుండా ఉండలేను. ఆస్ట్రేలియా కుర్రాడు, 2015 ఆగస్టులో ఇక్కడి జెలోనా గూరా టీమ్ తరఫున ఆడుతూ పడ్డాడు. వెన్నెముక దెబ్బతిని శరీరం కింది భాగం చచ్చుబడిపోయింది. అప్పటికి 23 ఏళ్ళు. ఆ వీడియో మీ అబ్బాయికి కనబడకుండా చూసుకోండి అన్నా. ఎప్పటికైనా అడుగుతాడు, అప్పుడు మీరే కూర్చోబెట్టి చెప్పండి.

లెస్టర్_బాబాయ్:

గాయం ఏ నెలలో తగిలిందన్నది కూడా చూడాలి. ఇంగ్లండ్ సీజన్ మార్చి చివర నుంచి అక్టోబర్ దాకా, చివర్లో ప్లే-ఆఫ్‌లు. ఏప్రిల్‌లో కాలర్‌బోన్ విరిగినవాడు ప్లే-ఆఫ్‌లకు నిక్షేపంగా ఉంటాడు. సెప్టెంబర్‌లో విరిగితే ఐదు నెలల కష్టం గంగలో కలిసినట్టే. 2016లో ఆస్ట్రేలియా రైడర్ జేసన్ డాయిల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పట్టికలో ముందుండి, అక్టోబర్‌లో పోలండ్‌లోని తొరూన్‌లో పడి టైటిల్ పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది పాదం ఎముక విరిగినా కర్రల సాయంతో పిట్స్‌లోకి (బైకులు సిద్ధం చేసుకునే చోటికి) వచ్చి ఆడి ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడాది అతని టీమ్ స్విండన్ ఇక్కడి లీగ్ గెలిచింది. ఫిజియో గారికి నచ్చదని తెలుసు, కానీ ఆ ఏడాది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

గుంటూరు_ఫిజియో:

నచ్చదు బాబాయ్. ఆయన ధైర్యానికి నేనూ దండం పెడతాను. కానీ డాయిల్‌లా ఆడాలనుకుని నా టేబుల్ మీదికి వచ్చేవాళ్ళు చాలామంది, డాయిల్ ఒక్కడే.

బెజవాడ_నాన్న:

అందరికీ చాలా కృతజ్ఞతలు. మీ జవాబులు మావాడికి తెలుగులో చదివి వినిపించాను, అర్థం కానివి ఇంగ్లీషులో చెప్పాను. నిన్న మళ్ళీ వెళ్ళాం. మా నంబర్ వన్ ఇంకా రాలేదు, మళ్ళీ ఆరుగురే. మావాడు ప్రోగ్రామ్ పుస్తకంలో ఎవరు ఎన్ని రేసులు తిరుగుతున్నారో పెన్సిల్‌తో గీతలు గీస్తూ కూర్చున్నాడు. రిజర్వ్ కుర్రాడి పేరు పక్కన ఏడు గీతలు పడ్డాయి, ఐదు పాయింట్లు. 14వ హీట్‌లో అతను మలుపు దగ్గర వెడల్పుగా జారిపోతుంటే మావాడు కళ్ళు మూసుకున్నాడు. పడలేదు.

ఓడిపోయాం, ఆరు పాయింట్ల తేడాతో. అయిపోయాక సంతకం కోసం పిట్స్ గేటు దగ్గర నిలబడ్డాం. ఆ కుర్రాడు వచ్చి పెన్ను తీసుకున్నాడు, కుడి చేతి వేళ్ళు మడవలేకపోయాడు. నవ్వి, ఎడమ చేత్తో వంకర టింకరగా రాసిచ్చాడు. మావాడు ఆ ప్రోగ్రామ్‌ని కారులో ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఇంటికొచ్చే దారిలో ఒక్కటే అడిగాడు: "గురువారానికి ఆయన చెయ్యి తగ్గుతుందా?"

ఫిజియో గారూ, తగ్గుతుందా?

గుంటూరు_ఫిజియో:

ముంజెయ్యి బిగుసుకోవడమే అయితే రెండు రోజుల్లో తగ్గుతుంది, బాబుకి చెప్పండి. చన్నీళ్ళు, నిద్ర, బాగా తినడం. బొటనవేలి గుంటలో నొప్పి ఉంటే మాత్రం గురువారం ఆడకూడదు.