స్కాపా ఫ్లోలో సింగిల్ 12 సరిపోతుందా? రెగ్యులేటర్ ఫ్రీఫ్లో భయం

కెరటం88:
ఏప్రిల్లో స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులకి, అక్కడి స్కాపా ఫ్లో అనే సముద్రపు అఖాతంలో డైవింగ్‌కి వెళ్తున్నా. 1919 జూన్ 21న జర్మన్లు తమ చేతులతోనే ముంచేసుకున్న ఓడల్లో కార్ల్స్‌రూ, కోల్న్ చూడాలని. అడ్వాన్స్‌డ్ డైవర్ కార్డుంది గానీ, డైవులన్నీ అండమాన్‌లో, 28 డిగ్రీల నీళ్లలో చేసినవే. సింగిల్ 12 లీటర్ల సిలిండర్ చాలదా? రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికందించే పరికరం) గడ్డకడుతుందంటున్నారు, నీళ్లేమో 7, 8 డిగ్రీలుంటాయి కదా?

లోతుమనిషి:
నీళ్లు గడ్డకట్టక్కర్లేదండి. సిలిండర్‌లోని 200 బార్ (పీడనం కొలత) గాలి, సిలిండర్‌కి బిగించే ఫస్ట్ స్టేజ్‌లో ఒక్కసారిగా 9, 10 బార్‌కి దిగుతుంది. ఆ వ్యాకోచానికి లోహం సున్నా కిందికి చల్లబడి, స్ప్రింగ్ చుట్టూ మంచు పేరుకుని వాల్వు పూర్తిగా మూసుకోదు. లోపల ప్రెషర్ పెరిగి, నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ దానంతటదే తెరుచుకుంటుంది. గాలి ఎంత జోరుగా పోతే అంత మంచు, ఇక ఆగదు. ఫ్రీఫ్లో అంటే ఇదే.

స్ప్రింగ్‌కి నీళ్లు తగలని సీల్డ్ డయాఫ్రం ఫస్ట్ స్టేజ్ తీసుకోండి. ఈఎన్ 250 (రెగ్యులేటర్ల యూరప్ ప్రమాణం) ముద్ర పక్కన "10 డిగ్రీల పైన మాత్రమే" అనే గుర్తుంటే అది అక్కడికి పనికిరాదు. పడవ మీద పర్జ్ (గాలి బయటికి వదిలే బటన్) నొక్కి చూడొద్దు. డ్రైసూట్‌లోకి (నీళ్లు చొరబడని సూట్) గాలి చిన్న చిన్న నొక్కులతోనే, అదీ ఊపిరి పీల్చే క్షణంలో కాదు.

ట్విన్‌సెట్_బాబాయ్:
ఒకరి గాలి పోతే ఇద్దరూ ఒకే సిలిండర్ మీద పైకి రావాలి, ఆ లెక్క చూడు. కోల్న్ అడుగు దాదాపు 35 మీటర్లు, అక్కడ పీడనం 4.5 బార్, అంటే గాలి పైకన్నా 4.5 రెట్లు ఖర్చవుతుంది. కంగారులో మనిషికి నిమిషానికి 30 లీటర్లు, ఇద్దరికి 60 అనుకోండి. సర్దుకోడానికి 2 నిమిషాలు: 540. పైకి 4 నిమిషాలు, సగటు 2.75 బార్: 660. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి, 1.5 బార్: 270. మొత్తం 1470 లీటర్లు. సింగిల్ 12లో అది 122 బార్! గేజ్ అక్కడికొస్తే తిరుగుముఖం పట్టాల్సిందే. ట్విన్‌సెట్ (జంట 12 లీటర్ల సిలిండర్లు) అయితే 61 బారే.

కెరటం88:
సింగిల్ 12తో పాటు పోనీ సిలిండర్ (అత్యవసరానికి చిన్న అదనపు సిలిండర్) కట్టుకుంటే, బాబాయ్?

ట్విన్‌సెట్_బాబాయ్:
ఒక్కరికే 735 లీటర్లు కావాలి. 3 లీటర్ల పోనీ 232 బార్‌తో నింపినా 696. కార్ల్స్‌రూ అయితే 26 మీటర్లే, అక్కడ సరిపోతుంది. ట్విన్‌సెట్ అయినా రెండు ఫస్ట్ స్టేజ్‌లు, మధ్యలో రెండు సిలిండర్లనీ విడదీసే ఐసొలేటర్ వాల్వు ఉండాలి. అసలు సంగతి, మందపాటి గ్లోవ్స్‌తో వెనక్కి చెయ్యి చాచి, ఫ్రీఫ్లో అవుతున్న వైపు వాల్వు మూయగలగాలి. డ్రైసూట్ భుజం దగ్గర బిగుసుకుంటే చెయ్యి అందదు. ముందు ఏదైనా లోతు తక్కువ క్వారీలో (నీళ్లు నిండిన రాతిగని), 6 మీటర్లలో చేసి చూడు.

లోతుమనిషి:
ఇంకో మాట: ఇవి రక్షిత శిథిలాలు, బోల్టు ముక్క కూడా తీసుకురావద్దు. అక్కడే మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక రాయల్ ఓక్ యుద్ధసమాధి, దాని మీద డైవింగ్ నిషేధం.