పక్షవాతం వచ్చిన నాన్నను మంచం మీంచి వీల్‌చైర్‌లోకి ఎలా మారుస్తున్నారు?

మల్కాజిగిరి_అమ్మాయి:
నాన్నకు ఎడమ వైపు పడిపోయింది. డిశ్చార్జ్ చేసి పంపేశారు. మనిషి 78 కిలోలు. నేను, అమ్మ చెరో చంకలో చెయ్యి వేసి లేపుతున్నాం. అమ్మకు నడుం పట్టేసింది, నాన్న ఎడమ భుజం నొప్పంటున్నారు. రాత్రి షిఫ్ట్‌కు ఆయా దొరకట్లేదు. ఇంట్లో చూసుకుంటున్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఫిజియో_తార్నాక:
ముందు ఆ చంకలో చెయ్యి వేయడం మానేయండమ్మా. పడిపోయిన వైపు భుజం కండరాలకు పట్టు ఉండదు, కీలు కిందికి జారుతుంది. ఆ చెయ్యి పట్టుకుని లాగడం కూడా వద్దు. భుజం నొప్పి డాక్టర్‌కు చూపించండి.

వీల్‌చైర్ ఆయన కుడి పక్కన, అంటే బాగున్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా ఉండాలి. రెండు బ్రేకులూ వేయండి, కాళ్ళు పెట్టుకునే పలకలు పక్కకు తిప్పేయండి. ఆయన్ని అంచుకు జరిపి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టి కాసేపు ఆగండి. పడుకుని పడుకుని లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

పాదాలు మోకాళ్ళకన్నా కొంచెం వెనక్కి ఉండాలి. మీరు ఎదురుగా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, మీ మోకాలితో ఆయన ఎడమ మోకాలు మడత పడకుండా అడ్డం పెట్టండి. నడుముకు వెడల్పాటి బెల్ట్ కట్టి దాన్నే పట్టుకోండి. మీ మెడ మాత్రం పట్టుకోనివ్వొద్దు. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేంత ముందుకు వంగమనండి, అప్పుడు పిరుదులు తేలిగ్గా లేస్తాయి. బరువు ఆయన కుడి కాలు మోయాలి, మీరు కాదు. తిప్పేటప్పుడు నడుం మెలిపెట్టకుండా చిన్న చిన్న అడుగులు వేయండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
అమెరికాలో నియోష్ అనే సంస్థ రోగుల్ని చేతులతో లేపడానికి సూచించిన పరిమితి 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు. అది దాటితే పరికరం వాడమంటుంది. మన వార్డుల్లో ఈ మాట చెప్తే నవ్వుతారు, అది వేరే సంగతి.

మంచంలో పైకి జరపడానికి అడ్డదుప్పటి వాడండి. భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా పరిచి, ఇద్దరూ చెరో వైపు అంచులు చుట్ట చుట్టి శరీరానికి దగ్గరగా పట్టుకుని, ఒకేసారి జరపాలి. ఒంటి మీది చర్మం పరుపుకు రాసుకుంటే పుండ్లు పడతాయి.

సంతోష్‌నగర్_తమ్ముడు:
అక్కా, కోఠి సర్జికల్ షాపుల్లో చెయ్యి ఆనించుకునే పట్టీ ఊడదీయగలిగే వీల్‌చైర్ అడుగు. కొనే ముందు మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ తలుపు, బాత్రూమ్ తలుపు కొలుచుకో. మా వీల్‌చైర్ హాల్లోనే ఉండిపోయింది.

గృహిణి_ఎల్‌బీనగర్:
మధ్యలో పడిపోతుంటే పట్టుకోవాలా?

ఫిజియో_తార్నాక:
పట్టి ఆపాలని చూడొద్దు, ఇద్దరూ పడతారు. బెల్ట్ పట్టుకుని దగ్గరికి లాక్కుని, మీ కాలి మీదుగా మెల్లగా నేలకు జారనివ్వండి, తల తగలకుండా చూసుకోండి. తుంటి నొప్పంటే కదపకుండా 108కు ఫోన్ చేయండి.

మల్కాజిగిరి_అమ్మాయి:
థాంక్యూ సర్. బెల్ట్ తెచ్చాం. కానీ ముందుకు వంగమంటే నాన్న భయపడి వెనక్కే వాలిపోతున్నారు.

ఫిజియో_తార్నాక:
మామూలే. ఎదురుగా ఒక స్టూల్ పెట్టి, రెండు చేతుల వేళ్ళూ కలిపి దాని మీద ఆనించి ముందుకు జరపమనండి. లేవకుండా అదొక్కటే ప్రాక్టీస్ చేయించండి. అమ్మను మాత్రం ఆయన వెనక కూర్చోబెట్టండి.