ఫొటోగ్రాఫర్ తీసినవన్నీ మనకు ఇవ్వాలా?

పటమట పిల్ల:
మా చెల్లి ఓణీల ఫంక్షన్ ఫిబ్రవరిలో చేశాం. పొద్దున భవానీ ద్వీపంలో అవుట్‌డోర్, సాయంత్రం హాల్లో ఫంక్షన్. "దగ్గర దగ్గర మూడు వేలు తీశామండీ" అన్నాడు ఫొటోగ్రాఫర్. నెలన్నర తిప్పించుకుని పెన్‌డ్రైవ్ ఇస్తే అందులో ఉన్నవి 410. మిగతావి అడిగితే "అవి మీకు పనికిరావు మేడం" అంటున్నాడు. డబ్బులు మావి, ఫంక్షన్ మాది, ఫొటోలు మాత్రం ఆయనవా? మీకూ ఇలాగే ఇచ్చారా? అమ్మయితే వెళ్లి గొడవ పెట్టుకుంటానంటోంది.

బ్రాడీపేట నాలుగో లైను:
మాకూ అంతే అక్కా. పెళ్లికి 600 ఇచ్చారు. క్యాండిడ్, ట్రెడిషనల్, డ్రోన్, 40 షీట్ల ఆల్బమ్ అని అన్నీ ముందే రాయించుకున్నాం. ఎడిట్ చేసినవి ఎన్ని ఇస్తారని మాత్రం అడగలేదు. అక్కడే దెబ్బతిన్నాం. మీ కాగితంలో ఏముందో ఒకసారి చూడండి.

లెన్సు బాబాయ్:
గుంటూరులో 14 ఏళ్లుగా నాది ఇదే పని, కాబట్టి మా వైపు మాట కూడా వినండి. మూడు వేల క్లిక్కులంటే మూడు వేల ఫొటోలు కాదమ్మా. అక్షింతలు వేసేటప్పుడు ఒక్కో కుటుంబానికి ఐదారు కొడతాం. ఒకదాంట్లో పెదనాన్న కళ్లు మూస్తాడు, ఇంకోదాంట్లో వీడియో వాడి మోచెయ్యి అడ్డొస్తుంది. వాటిలోంచి ఒక్కటే ఉంచుతాం. ఫ్లాష్ పడనివి, లైటు సరిచూసుకోవడానికి కొట్టినవి ఎలాగూ పోతాయి. ఒక్కరోజు ఫంక్షన్‌కి నాలుగైదు వందలంటే తక్కువేం కాదు.

రా ఫైళ్ల సంగతి వేరు, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ముడి ఫైళ్లు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కోటి పాతిక ఎంబీ వేసుకున్నా మూడు వేలకి 75 జీబీ. చాలా ఫోన్లలో సరిగ్గా తెరుచుకోవు. తెరుచుకున్నా తాలింపు పెట్టని పప్పులా చప్పగా ఉంటాయి. అవి ఇన్‌స్టాలో పెట్టి మా పేరు ట్యాగ్ చేస్తే పోయేది మా పరువే. ఎడిట్ చేయని జేపెగ్‌లు అడిగితే మాత్రం నేనైతే హార్డ్ డిస్క్ తెచ్చుకోమని ఇచ్చేస్తాను. అందరూ ఇవ్వరు.

గవర్నర్‌పేట ప్లీడరు:
పరువు సంగతి సరే, చట్టం ఇంకోలా ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. అందుకే బిల్లు వెనక చిన్న అక్షరాలు చదవండి. హక్కు స్టూడియోదే అని, మీ అమ్మాయి ఫొటో వాళ్ల పేజీలో పెట్టుకుంటామని అక్కడే ఉండొచ్చు. అయితే హక్కుంది కదా అని పక్కన పడేసినవి కూడా ఇచ్చి తీరాలా అంటే, అది మీరు రాసుకున్నదాన్ని బట్టే.

మంగళగిరి మగ్గం:
ఇంకో మాట. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతో ఆల్బమ్ చేయించకండి. 12x36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రావాలంటే 10,800 పిక్సెళ్ల వెడల్పు కావాలి. వాట్సాప్ మామూలుగా పంపేది 1,600 దగ్గరే ఆగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. రంగులు కూడా ముందే చెప్పుకోండి. మా మరదల్ని అడక్కుండానే తెల్లగా చేసేశారు. ఆ దెబ్బకి ముదురు పసుపు మంగళగిరి పట్టు కాస్తా నిమ్మపండు రంగయింది. నేసిన వాళ్లం మేమే, మాకే గుర్తుపట్టడం కష్టమైంది!

బ్రాడీపేట నాలుగో లైను:
హహ. మా ప్రీవెడ్డింగ్‌కి ఉండవల్లి గుహలకి తీసుకెళ్లారు. ట్రైపాడ్ లోపలికి రానివ్వలేదు, పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలట. పూట వృథా. బిల్లు మాత్రం రోజంతటికీ.

పటమట పిల్ల:
కాగితం తీశాను. "ఎడిటెడ్ సాఫ్ట్ కాపీ, 30 షీట్ల ఆల్బమ్, ఒక ఫ్రేము" అంతే. ఎన్ని అని లేదు. నిజం చెప్పాలంటే మూడు వేలూ మాకెందుకు? మా అమ్మమ్మ, చెల్లి కలిసి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. 82 ఏళ్ల మనిషి, తెనాలి నుంచి దానికోసమే వచ్చింది.

లెన్సు బాబాయ్:
ఇది మొదటే చెప్పాల్సింది తల్లీ! అన్నీ ఇవ్వమంటే ఎవడైనా బిగుసుకుంటాడు. అమ్మమ్మ స్టేజీ ఎక్కిన టైము చెప్పి, అప్పటివి చూపించమనండి. ప్రతి ఫైల్లో టైము ఉంటుంది, పది నిమిషాల పని. తొందరగా వెళ్లండి, ఆల్బమ్ చేతికిచ్చాక పాతవి ఎన్నాళ్లుంచుతారో చెప్పలేం.

పటమట పిల్ల:
నిన్న వెళ్లాం. అమ్మని ఇంట్లోనే ఉంచి నేనూ నాన్నా వెళ్లాం లెండి. ఆయనేమీ అనకుండా సిస్టం ముందు కూర్చోబెట్టాడు. ఏడూ ఇరవై దగ్గర నుంచి వెతికితే తొమ్మిది దొరికాయి. తొమ్మిదింట్లోనూ అమ్మమ్మ కళ్లు మూసుకునే ఉంది. "అందుకే తీసేశానండీ" అన్నాడు పాపం. చెల్లి బాగా నవ్విన ఒకటి ఎంచుకున్నాం, ఆల్బమ్‌లో పెడతానన్నాడు, అదనంగా డబ్బులడగలేదు. రాత్రి వీడియో కాల్‌లో అమ్మమ్మకి చూపించి, ఫ్లాష్‌కి కళ్లు మూసేశావేంటి అంటే, "ఫ్లాషేంటే, పిల్ల చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకుంటున్నా" అంది.