కపోడిస్త్రియాస్ రాజ్యాంగాన్ని నిలిపివేయడం సమంజసమేనా?

ప్రశ్న: రష్యా విదేశాంగ మంత్రిగా పనిచేసి, తర్వాత గ్రీసు తొలి పాలకుడైన ఇయోన్నిస్ కపోడిస్త్రియాస్, 1828 జనవరిలో నాఫ్‌ప్లియో రేవులో దిగిన కొద్ది రోజులకే, తనను ఏడేళ్ల కాలానికి ఎన్నుకున్న జాతీయ సభ కిందటి ఏడాది ఆమోదించిన రాజ్యాంగాన్ని పక్కన పెట్టి, శాసనసభకు బదులు 27 మందితో ఒక సలహామండలిని నియమించారు. 1831లో జరిగిన ఆయన హత్యకు బీజం అక్కడే పడిందని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

సమాధానం: మీతో నేను ఏకీభవించలేను. ఆయన వచ్చేనాటికి తుర్కు సుల్తాను పక్షాన గ్రీకు తిరుగుబాటును అణచడానికి వచ్చిన ఈజిప్టు సేనాని ఇబ్రహీం పాషా సైన్యం దక్షిణ గ్రీసులోని పెలొపొనీస్ ద్వీపకల్పం నుంచి ఇంకా కదల్లేదు, ఖజానాలో చిల్లిగవ్వ లేదు, నాఫ్‌ప్లియోలోనే ఇద్దరు సేనానులు చెరో కోటనూ ఆక్రమించుకుని ఊరిని హడలెత్తిస్తున్నారు. శాసనసభ సైతం తన రద్దుకు తానే సమ్మతించింది. ఆయన జీతం ముట్టలేదు. ఫీనిక్స్ అనే నాణెం తెచ్చారు, ఈజినాలో అనాథాశ్రమం, నాఫ్‌ప్లియోలో సైనిక పాఠశాల నెలకొల్పారు. అలాంటి స్థితిలో రాజ్యాంగం కొంతకాలం ఆగడం క్షమించదగినదే.

నేను క్షమించలేనిది మరొకటి ఉంది. 1813లో స్విట్జర్లాండుకు దూతగా వెళ్లిన ఈయనే, పాత దొరతనాలకూ కొత్త కాంటన్లకూ (స్విస్ రాష్ట్రాలకూ) మధ్య నెలల తరబడి ఓపికగా రాయబారం నడిపి, 22 కాంటన్లు ఒకే ఒడంబడిక కిందికి రావడానికి తోడ్పడ్డారు. ఆ ఓర్పులో నాలుగో వంతు కూడా మానీ ప్రాంతపు మావ్రోమిహాలిస్ వంశం మీద చూపలేదు. స్వాతంత్ర్య పోరాటంలో అయినవాళ్లను పోగొట్టుకున్న ఆ వంశపు వృద్ధనాయకుడు పెట్రోబేను చెరసాలలో పెట్టారు. 1831 అక్టోబరు 9 ఉదయం కపోడిస్త్రియాస్ ప్రార్థనకు సెయింట్ స్పిరిడాన్ చర్చికి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర కాచుకున్నవారు పెట్రోబే తమ్ముడు కాన్‌స్టాంటినోస్, కొడుకు గియోర్గియోస్. తూటా గుర్తు అంటూ ఆ గోడ మీది గుంటను గాజు పలక వెనుక నేటికీ చూపిస్తారు. కాబట్టి చావు తెచ్చింది రాజ్యాంగం ఆగిపోవడం కాదు, ఒక కుటుంబానికి జరిగిన అవమానం.

ప్రశ్న అడిగినవారు: స్విస్ ఉదాహరణ నా వాదననే బలపరుస్తోంది. అక్కడ కాంటన్లు కలహించుకోవడానికి ఒక సభ ఉంది. ఆయన ఓపిక పట్టింది ఆ సభలోనే. గ్రీసులో అలాంటి చోటే లేకుండా చేశాక, అలిగినవాడు గోడు ఎక్కడ వెళ్లబోసుకోవాలి? పైగా అలిగింది మానీ ఒక్కటే కాదు. యుద్ధంలో తన ఓడలు ఒడ్డి నష్టపోయిన హైడ్రా దీవి పరిహారంతో పాటు రాజ్యాంగాన్నీ కోరింది, ఆ మాట రాసేందుకు ‘అపోలో’ అనే పత్రికను కూడా నడిపింది. జవాబు రాకపోయేసరికి అదే దీవికి చెందిన నౌకాదళ వీరుడు మియౌలిస్ 1831 వేసవిలో పోరోస్ రేవును పట్టుకుని, ప్రభుత్వ నౌకాదళానికి తలమానికమైన ‘హెల్లాస్’ యుద్ధనౌకను రష్యన్ల చేతికి చిక్కకుండా స్వయంగా తగలబెట్టాడు. అప్పటికి హత్యకు ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది.