కంపెనీ యాక్సిడెంట్ పాలసీ ఉండగా సొంతది కొనడం దండగేనా?

కొండాపూర్_కోడర్: నెల జీతం 90 వేలు, కంపెనీ గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ 30 లక్షలు అనుకుందాం. 21,000 దాటిన జీతం కాబట్టి ఈఎస్ఐ లేదు. వైకల్యానికి విడిగా పాలసీ అక్కర్లేదని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

హెచ్ఆర్_బల్ల: అక్కర్లేదనే నేనూ అంటాను. వైకల్యంతో ఉద్యోగం మానాల్సి వస్తే గ్రాట్యుటీకి ఐదేళ్ల నిబంధన వర్తించదు. పూర్తి శాశ్వత వైకల్యమైతే పీఎఫ్ పింఛనుకు పదేళ్ల సర్వీసూ అక్కర్లేదు, ఒక్క నెల చందా జమైనా చాలు. ఆ ప్రీమియంతో టర్మ్ ప్లాన్ పెంచుకోండి.

క్లెయిమ్_ఫైలు: గ్రాట్యుటీ సంగతి నిజమే. పింఛను మాత్రం అందరికీ లేదండీ. 2014 సెప్టెంబర్ 1 తర్వాత 15,000 దాటిన పీఎఫ్ జీతంతో కొత్తగా చేరినవాళ్లు ఆ పథకంలో సభ్యులే కారు. పాస్‌బుక్‌లో పింఛను కాలమ్ సున్నా ఉందేమో చూసుకోండి. ఇక మామూలు టర్మ్ ప్లాన్ డబ్బు మనిషి పోయాకే వస్తుంది, మంచాన పడితే కాదు.

30 లక్షలన్నది పూర్తి వైకల్యానికి: రెండు కళ్లో, రెండు కాళ్లో పోవడంలాంటిది జరగాలి. ఒక కాలు పోతే చాలా పాలసీల్లో సగమే. సదరం సర్టిఫికెట్‌లో (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) 60 శాతం ఉంటే 18 లక్షలు వస్తాయనుకుంటారు. రావు! బీమా కంపెనీ చెల్లించేది పాలసీ పట్టికలోని శాతాన్ని బట్టి. కాలు విరిగి నాలుగు నెలలు ఇంట్లో ఉంటే వారం వారం వచ్చే డబ్బు చాలా గ్రూప్ పాలసీల్లో ఉండదు. ఉన్నా గరిష్ఠ పరిమితి పెడతారు. ఈఎంఐలు ఆగేది అక్కడే.

సరళ్ సురక్షా బీమా అనే సొంత యాక్సిడెంట్ పాలసీ చూడండి. రెండున్నర లక్షల నుంచి కోటి దాకా తీసుకోవచ్చు. తాత్కాలిక వైకల్యాన్ని అదనంగా ఎంచుకుంటే వారానికి 0.2 శాతం, అంటే 50 లక్షలకు 10,000. ఇవి ఆసుపత్రి బిల్లు చూసి ఇచ్చేవి కావు కాబట్టి కంపెనీ పాలసీ, సొంత పాలసీ రెండింటి నుంచీ డబ్బు తీసుకోవచ్చు.

మెడికల్_డెస్క్: ఇద్దరూ ప్రమాదం దగ్గరే ఆగారు. పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోతే యాక్సిడెంట్ పాలసీ పైసా ఇవ్వదు. దానికి క్రిటికల్ ఇల్‌నెస్ (తీవ్ర జబ్బుల) పాలసీ కావాలి. అందులోనూ నరాల లోపం కనీసం మూడు నెలలు నిలిచి, శాశ్వతమని తేలాలి. స్కాన్ రిపోర్టులు పారేయకండి.

హెచ్ఆర్_బల్ల: వారం డబ్బు సంగతి ఒప్పుకుంటాను. కానీ దాన్ని గ్రూప్ పాలసీలోనే చేర్పించమని రెన్యువల్‌కు ముందు అడగండి, తలకు ఖర్చు తక్కువ పడుతుంది.

క్లెయిమ్_ఫైలు: అడగాల్సిందే. అయితే రిలీవ్ అయిన రోజుతో ఆ కవర్ పోతుంది. కొత్త కంపెనీలో చేరేదాకా మధ్యలో బైక్ మీద తిరిగే రోజులకు ఎవరి పాలసీ? ఏది ఉన్నా ప్రమాదం జరిగిన వెంటనే ఎఫ్ఐఆర్, ఎంఎల్‌సీ (ఆసుపత్రి రాసే మెడికో-లీగల్ రికార్డు) కాపీలు తీసుకోండి. మద్యం తాగినట్టు ఎమర్జెన్సీ నోట్స్‌లో రాస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి బీమా కంపెనీ దాన్నే కారణంగా చూపొచ్చు. అది తప్పయితే రక్తపరీక్ష అప్పుడే చేయించాలి, వారం తర్వాత లాభం లేదు.